గార్డుకు లైసెన్సు ఉంది.. డిటెక్టివ్‌కు లేదు: ఫౌజు నుంచి వచ్చిన మన పిల్లల దారి ఎటు?

ఖానాపురం హవేలిలో ఫౌజు నుంచి రిటైరై వచ్చిన ఒక హవల్దార్ రెండు బోర్డులు పెట్టాలనుకున్నాడనుకుందాం. ఒకటి సెక్యూరిటీ సర్వీసెస్, రెండోది డిటెక్టివ్ ఏజెన్సీ. మొదటి బోర్డుకు రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి. పోలీసుల నిరభ్యంతర పత్రం, ఫీజు, గార్డులకు శిక్షణ, రిజిస్టర్లు, ఇవన్నీ చూపించాలి. రెండో బోర్డుకు మాత్రం ఫ్లెక్సీ షాపు బిల్లు కడితే దాదాపు పని అయిపోయినట్టే. మామూలు దుకాణానికి కావాల్సిన రిజిస్ట్రేషన్ తప్ప, ‘నువ్వు డిటెక్టివ్ పనికి తగినవాడివేనా’ అని అడిగే ఆఫీసు ఖమ్మంలో లేదు, హైదరాబాద్‌లో లేదు, ఢిల్లీలో కూడా లేదు.

వినడానికి ఇది సుఖంగానే ఉంటుంది. లైసెన్సు లేకపోతే లంచం లేదు, క్యూ లేదు, తిరుగుడు లేదు. కానీ లైసెన్సు లేని చోట మాజీ సైనికుడికి రాయితీ కూడా ఉండదు. సైన్యంలో పదిహేడేళ్లు పనిచేసినవాడు, నిన్న కెమెరా కొనుక్కున్నవాడు ఒకే వరుసలో నిలబడతారు. రిష్తా గురించి ఆరా తీయించుకునే కుటుంబానికి ఆ ఇద్దరిలో ఎవరు ఎవరో తెలిసే దారి లేదు.

ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవడానికి కారణం అగ్నివీర్లు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. 2022 చివర్లో, 2023 మొదట్లో శిక్షణకు వెళ్లిన తొలి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివర్లో, 2027 మొదట్లో పూర్తవుతాయి. వారిలో 25 శాతం వరకే సైన్యంలో కొనసాగుతారు. మిగతావాళ్లు పాతికేళ్లు అటూ ఇటూ వయసులో, సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. పెన్షన్ ఉండదు, గ్రాట్యుటీ ఉండదు. ఆ డబ్బుతో ఏం చేయాలన్న చర్చ చాలా ఇళ్లలో ఇప్పటికే మొదలైంది. ‘సెక్యూరిటీ, డిటెక్టివ్ లైను’ అన్న మాట ఆ చర్చలో తప్పకుండా వస్తుంది. రెండింటినీ కలిపి ఒకే లైనుగా చెప్పడం మన అలవాటు. చట్టం మాత్రం రెంటినీ వేరు చేసింది.

గేటు కాపలా వరకే చట్టం

2005లో పార్లమెంటు ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. ఈ చట్టం ప్రకారం ప్రైవేట్ సెక్యూరిటీ అంటే ప్రభుత్వ ఉద్యోగి కానివాళ్లు మనిషికో ఆస్తికో కాపలా ఇవ్వడం. డబ్బు తీసుకెళ్లే ఆర్మర్డ్ వ్యాన్ సేవ కూడా ఇందులోకే వస్తుంది. తహకీకాత్, ఆరా తీయడం, ఒకరి నడవడిక కనిపెట్టడం ఇందులో లేవు. లైసెన్సు లేకుండా సెక్యూరిటీ ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, 25 వేల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు లేకుండా డిటెక్టివ్ ఆఫీసు నడిపితే ఈ చట్టం కింద ఏమీ లేదు.

మాజీ సైనికులకు చట్టం ఇచ్చిన మేలు కూడా కాపలా పనిలోనే ఉంది. అది తక్కువేమీ కాదు. గార్డుల నియామకంలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, ఇతర కేంద్ర సాయుధ బలగాలు, పోలీసు, హోంగార్డుల్లో పనిచేసినవాళ్లకు ఏజెన్సీ ప్రాధాన్యం ‘ఇవ్వొచ్చు’ అని చట్టం అంటుంది. సూపర్‌వైజర్ల దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ లేదా పోలీసులో కనీసం మూడేళ్లు పనిచేసినవాళ్లకు ప్రాధాన్యం ‘ఇవ్వాలి’ అని ఉంది. ఇవ్వొచ్చు, ఇవ్వాలి. ఉద్యోగం అడగడానికి వెళ్లే పిల్లవాడు ఈ రెండు మాటల తేడా తెలుసుకుని వెళ్తే మంచిది. చాలామంది గార్డు పోస్టు అడిగి, గార్డు జీతానికే ఒప్పుకుని వచ్చేస్తారు. అతని సర్వీసుకు చట్టం గట్టిగా చూపించే కుర్చీ సూపర్‌వైజర్‌ది.

శిక్షణలో కూడా తేడా ఉంది. కేంద్రం ఇచ్చిన మోడల్ రూల్స్ ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల తరగతి పాఠం, 60 గంటల ఫీల్డ్ శిక్షణ కావాలి. ఇది కనీసం 20 పనిదినాలు నడవాలి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు 40 గంటల తరగతి, 16 గంటల ఫీల్డ్ శిక్షణ చాలు, అది కూడా ఏడు పనిదినాల్లో. అంటే 160 గంటలకు బదులు 56 గంటలు. రోజు కూలి పోగొట్టుకుని శిక్షణకు వెళ్లే ఇంట్లో పదమూడు రోజులు మిగలడం చిన్న విషయం కాదు.

సొంతంగా ఏజెన్సీ పెట్టేవాళ్లకు ఫీజు చట్టంలోనే రాసి ఉంది. ఒక జిల్లాకు 5 వేలు, ఒకటికి మించి ఐదు జిల్లాల వరకు 10 వేలు, రాష్ట్రమంతటికీ 25 వేలు. లైసెన్సు ఐదేళ్లు పనిచేస్తుంది. ఇక్కడ ఖమ్మం వాళ్లకు ఒక చిన్న మెలిక ఉంది. 2016 అక్టోబర్ 11కు ముందు ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, మణుగూరు, భద్రాచలం అన్నీ ఒకే జిల్లా. ఇప్పుడు రెండు. ఖమ్మంలో గ్రానైట్ యూనిట్లు, కోల్డ్ స్టోరేజీలు, ఆసుపత్రులు ఉంటే, అటు కొత్తగూడెం నుంచి సారపాక దాకా ఫ్యాక్టరీలు, టౌన్‌షిప్‌లు ఉన్నాయి. ఈ మొత్తం దారి మీద పని పట్టాలంటే ఇప్పుడు 5 వేల లైసెన్సు సరిపోదు, 10 వేలది కావాలి. ఐదేళ్లకు పంచితే నెలకు 170 రూపాయల లోపే. కాబట్టి ఒక్క జిల్లాకే తీసుకుని ఆగిపోవడం తెలివైన లెక్క కాదు.

లైసెన్సు వచ్చాక కూడా ఒక జాగ్రత్త ఉంది. పాత అభిమానం కొద్దీ కొందరు గార్డులకు సైన్యం యూనిఫాం లాంటి చొక్కాలు కుట్టిస్తారు. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్, పోలీసు దుస్తులను, వాటిలా కనిపించే దుస్తులను గార్డు వేసుకుంటే ఆ గార్డుకూ యజమానికీ ఇద్దరికీ ఏడాది వరకు జైలు లేదా 5 వేల వరకు జరిమానా పడొచ్చు. రెండూ కూడా పడొచ్చు. నిజంగా సైన్యంలో పనిచేసినవాడైనా మినహాయింపు లేదు.

2007లో వచ్చి ఆగిన బిల్లు

డిటెక్టివ్‌ల సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2007లో ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ బిల్లును రాజ్యసభలో పెట్టారు. కేంద్రంలో ఒక బోర్డు, రాష్ట్రాల్లో బోర్డులు, వాటి ద్వారా లైసెన్సులు ఇవ్వాలన్నది ఆలోచన. హోం వ్యవహారాల స్థాయీ సంఘం 2009లో నివేదిక కూడా ఇచ్చింది. ఆ బిల్లు చట్టం కాలేదు.

విచిత్రం ఏమిటంటే పన్ను శాఖకు డిటెక్టివ్ బాగానే కనిపిస్తాడు. జీఎస్టీలో సేవలకు ఇచ్చే కోడ్‌లలో ‘ఇన్వెస్టిగేషన్, సెక్యూరిటీ సేవలు’ అని ఒకే గుంపు ఉంది. అందులో 998521 ఇన్వెస్టిగేషన్‌ది, 998525 గార్డు సేవది. రెండింటి మీదా పన్ను 18 శాతమే. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే డిటెక్టివ్ కూడా రిజిస్టర్ కావాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో వాడే పరిశ్రమల వర్గీకరణలో కూడా ఇన్వెస్టిగేషన్‌కు 803 అని విడిగా ఒక గడి ఉంది. పన్ను వసూలు చేసేటప్పుడు సర్కారు దృష్టిలో అదొక వృత్తి. గుర్తింపు కార్డు ఇవ్వమంటే మాత్రం అలాంటి వృత్తి లేదు.

ఈ జీఎస్టీ నంబరే కొందరికి లైసెన్సులా కనిపిస్తుంది. విజిటింగ్ కార్డు మీద ‘ప్రభుత్వ రిజిస్టర్డ్ డిటెక్టివ్’ అని రాసుకునేవాళ్లు చూపించేది సాధారణంగా జీఎస్టీ, ఉద్యమ్ లేదా షాపు రిజిస్ట్రేషనే. కిరాణా కొట్టుకూ అవే ఉంటాయి.

అమెరికాలో సర్వీసు గంటలు లెక్కలోకి వస్తాయి

మాజీ సైనికుడు డిటెక్టివ్ కావడానికి ప్రభుత్వం సాయం చేయడం అంటే ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికా వైపు చూడాలి. కాలిఫోర్నియాలో ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్సుకు మూడేళ్ల అనుభవం, అంటే 6 వేల గంటల జీతం తీసుకున్న విచారణ పని చూపించాలి, పరీక్ష పాసవ్వాలి. మిలిటరీ పోలీసుగా చేసిన విచారణ పని ఆ గంటల్లోకి వస్తుంది. గౌరవప్రదంగా డిశ్చార్జి అయినవాళ్ల దరఖాస్తును త్వరగా చూడాలన్న నియమం కూడా ఉంది. టెక్సాస్‌లో సర్వీసు, శిక్షణ లైసెన్సు షరతులకు సరిపోయే మాజీ సైనికులకు దరఖాస్తు, పరీక్ష ఫీజులు మాఫీ చేయాలని చట్టం చెబుతుంది. దీనికి తోడు లైసెన్సు పరీక్షల ఖర్చు ఒక్కో పరీక్షకు 2 వేల డాలర్ల వరకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద వెనక్కి వస్తుంది.

గమనించాల్సింది ఏమిటంటే అక్కడ కూడా వంట పని, స్టోరు పని చేసిన సైనికుడికి డిటెక్టివ్ లైసెన్సు ఊరికే రాదు. విచారణ చేసిన గంటలే లెక్క. మన ఆర్మీలో కూడా మిలిటరీ పోలీస్ కోర్, ఇంటెలిజెన్స్ కోర్ ఉన్నాయి. అక్కడ పనిచేసినవాళ్ల అనుభవం ఒకటి, ట్యాంకు నడిపినవాడి అనుభవం ఇంకొకటి. ఫౌజీ కదా, జాసూసీ అదే వస్తుందిలే అనుకోవడం సినిమా చూసి అనుకోవడమే. అందరు దేశాలవాళ్లూ ఈ పని చక్కబెట్టేశారని కూడా కాదు. బ్రిటన్ 2001 చట్టంలోనే దీనికి చోటు పెట్టింది, 2013లో లైసెన్సు తెస్తామని హోం మంత్రి ప్రకటించారు. ఆ లైసెన్సు మాత్రం రాలేదు.

కార్డు లేనివాడి మీద కేసు

లైసెన్సు లేకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది కస్టమరా, డిటెక్టివా అంటే డిటెక్టివే అని చెప్పాలి. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఒక మహిళ వద్దంటున్నా వెంటపడటాన్ని, ఆమె ఇంటర్నెట్ వాడకాన్ని కనిపెట్టడాన్ని నేరంగా చూస్తుంది. మొదటిసారి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు శిక్ష. నేరాన్ని అరికట్టే బాధ్యతను ప్రభుత్వం ఎవరికి అప్పగించిందో వాళ్లకు మినహాయింపు ఉంది. ప్రైవేట్ డిటెక్టివ్‌కు ప్రభుత్వం ఏ బాధ్యతా అప్పగించలేదు. ‘ఫలానా ఆంటీ తన కోడలి మీద కన్నేసి ఉంచమంది’ అన్న జవాబు స్టేషన్‌లో నిలవదు. పరిస్థితుల్ని బట్టి చేసింది న్యాయమేనని కోర్టులో రుజువు చేసుకోవాల్సిన భారం అతని మీదే పడుతుంది.

ఫోన్ రికార్డుల సంగతి ఇంకా ప్రమాదం. కాల్ డేటా రికార్డులు కంపెనీ నుంచి తీసుకునే హక్కు చట్టబద్ధమైన దర్యాప్తు సంస్థలకే ఉంది. 2018లో మహారాష్ట్రలోని ఠాణె పోలీసులు కాల్ రికార్డుల అక్రమ అమ్మకం కేసు పట్టినప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్‌లు కూడా అరెస్టయ్యారు. ‘నంబరు ఇవ్వండి, నెల రోజుల కాల్స్ తీసుకొస్తా’ అనేవాడు తెలివైనవాడు కాదు, ఇవాళో రేపో కేసులో ఇరుక్కునేవాడు. అతన్ని పెట్టుకున్న కుటుంబం పేరు కూడా ఆ కాగితాల్లోకి వస్తుంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. గోడ సన్నబడటం లేదు, మందమవుతోంది.

పెన్షన్ ఉన్న మాజీ సైనికుడికి ఇంకో భయం కూడా ఉండాలి. సైనిక పెన్షన్ నిబంధనల ప్రకారం తర్వాతి సత్ప్రవర్తన పెన్షన్‌కు షరతు. తీవ్రమైన నేరంలో శిక్ష పడితే పెన్షన్‌కే ఎసరు రావచ్చు. ఎవరి ఇంటి గొడవలోనో ఐదు వేలకు ఫోటోలు తీసి, జీవితాంతం వచ్చే పెన్షన్‌ను పణంగా పెట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే.

మన పిల్లల విషయంలో ఇంకొక మాట బయటికి చెప్పుకోవాలి. ఖమ్మంలో తెలిసిన గల్లీలో నిలబడటం వేరు. చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి అంచు ఊళ్లలో ఒక ముస్లిం యువకుడు బండి ఆపి, కెమెరా పట్టుకుని, ఫలానా ఇల్లు ఎవరిదని అడగడం వేరు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గర కొత్త మనిషి ప్రశ్నలు వేస్తే ఊరివాళ్లకూ అనుమానమే, పోలీసులకూ అనుమానమే. అప్పుడు చూపించడానికి ప్రభుత్వం ఇచ్చిన కార్డు ఒకటి ఉంటే మాట అక్కడితో తెగుతుంది. ఇప్పుడు అతని జేబులో ఉండేది డిశ్చార్జి బుక్కు జిరాక్సు, సొంతంగా కొట్టించుకున్న విజిటింగ్ కార్డు.

రిష్తా ఆరా ఎంతవరకు

డిటెక్టివ్‌లకు ఎక్కువగా పని వచ్చేది పెళ్లిళ్ల దగ్గరే. గల్ఫ్‌లో ఉద్యోగమన్న అబ్బాయికి నిజంగా ఆ ఉద్యోగం ఉందా, ముందే నికాహ్ అయిందా, అప్పులెన్ని అన్న భయం ఆడపిల్ల తల్లిదండ్రులకు ఉండటం తప్పు కాదు. దీన్‌లో తజస్సుస్, అంటే ఒకరి లోపాల కోసం వెతకడం నిషిద్ధం. అదే సమయంలో ఫాతిమా బిన్తె ఖైస్ తనకు వచ్చిన సంబంధాల గురించి అడిగినప్పుడు ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వసల్లం ఆ మనుషుల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పారన్న హదీసు ప్రసిద్ధమే. సంబంధం కోసం అడగడం, చెప్పడం వేరు, పడకగది దాకా వెంబడించడం వేరు. చట్టం గీసిన గీత కూడా కాస్త అటూ ఇటూగా అక్కడే ఉంది. ఆఫీసుకు ఫోన్ చేసి ఉద్యోగం నిజమా అని అడగొచ్చు, పొరుగువాళ్లను అడగొచ్చు, కోర్టు వెబ్‌సైట్‌లో కేసులు చూడొచ్చు, భూమి రికార్డులు చూడొచ్చు. ఫోన్‌లో యాప్ వేయించడం, కారుకు చాటుగా ట్రాకర్ కట్టించడం మాత్రం కుదరదు.

విడాకుల కేసుల్లో గిరాకీ ఇంకా పెరిగేలా ఉంది. భార్యాభర్తల రహస్య సంభాషణ రికార్డింగును దాంపత్య వివాదంలో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని విని ‘ఇక ఏం రికార్డు చేసినా చెల్లుతుంది’ అని కొందరు ప్రచారం చేస్తున్నారు. ఆ తీర్పు భార్యాభర్తల మధ్య మాటల గురించి. మూడో మనిషి గోడ దూకి తీసిన వీడియో గురించి కాదు. పైగా ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, తీసినవాడు కోర్టుకొచ్చి చెప్పాలి. ఇవి తెలియని డిటెక్టివ్ ఇచ్చే పెన్‌డ్రైవ్ వల్ల ఫీజు ఖర్చే తప్ప కేసుకు ఉపయోగం తక్కువ.

డిటెక్టివ్‌ను పెట్టుకోక తప్పని కుటుంబం కనీసం ఏం చేస్తాడో, ఏం చేయడో రాసిన ఒప్పందం తీసుకోవాలి. మాజీ సైనికుడినని చెబితే డిశ్చార్జి కాగితం, మాజీ సైనికుల గుర్తింపు కార్డు అడగాలి. నిజమైనవాడు నొచ్చుకోడు, ఫౌజులో గేటు దగ్గర ఐడీ చూపించడం వాళ్లకు రోజూ ఉండే పనే. డబ్బు బ్యాంకు ద్వారా ఇచ్చి బిల్లు తీసుకోవాలి. బిల్లు ఇవ్వనన్నవాడితో మాట అక్కడితో ముగించేయడం మేలు.

అగ్నివీర్‌కు ఒక్క పదం అడ్డు

మళ్లీ అగ్నివీర్ల దగ్గరికి వస్తే, వారికి మాజీ సైనికుల హోదా లేదు. క్యాంటీన్ లేదు, మాజీ సైనికుల వైద్య పథకం లేదు. మరి సెక్యూరిటీ లైనులో రాయితీలు వర్తిస్తాయా? ఇక్కడ చట్టం ఒక మాట, రూల్స్ ఒక మాట అంటున్నాయి. చట్టం ‘ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో పనిచేసిన వ్యక్తి’ అంటుంది, సూపర్‌వైజర్‌కు మూడేళ్లు చాలంటుంది. నాలుగేళ్లు చేసిన అగ్నివీర్ ఈ మాటలోకి నిక్షేపంగా వస్తాడు. శిక్షణ తగ్గింపు ఇచ్చే మోడల్ రూల్ మాత్రం ‘ఎక్స్ సర్వీస్‌మెన్’ అనే పదం వాడింది. హోదా లేనివాడిని ఆ పదంలోకి రానివ్వనంటే, సరిహద్దులో నాలుగేళ్లు తుపాకీ పట్టిన పిల్లవాడు గేటు దగ్గర నిలబడటం నేర్చుకోవడానికి 160 గంటలు కూర్చోవాలి. హోదా ఉన్నవాడికి 56 గంటలే. ఇలాంటి రూల్ న్యాయంగా లేదు.

ఈ చట్టం కింద రూల్స్ చేసే అధికారం రాష్ట్రాలది. కేంద్రం ఇచ్చేది నమూనా. కాబట్టి ఆ తగ్గింపు అగ్నివీర్లకూ వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చడానికి తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ వైపు చూస్తూ కూర్చోనక్కర్లేదు. మన జిల్లా ఎమ్మెల్యేలను, మైనారిటీ సంఘాలను అడగాల్సిన పని ఇది. డిటెక్టివ్ లైసెన్సు చట్టం కంటే చాలా చిన్నది, తొందరగా అయ్యేది.

డిటెక్టివ్ పని మీదే మనసున్నవాడికి దారి మూసుకుపోలేదు. ముందు సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్‌గా చేరడం, అనుభవం వచ్చాక సొంత లైసెన్సు తీసుకోవడం, దాని పక్కన ఇన్సూరెన్స్ క్లెయిమ్ విచారణ, బ్యాంకులకు అడ్రస్ వెరిఫికేషన్, ఉద్యోగుల పాత వివరాల తనిఖీ లాంటి పనులు పట్టడం. ఇవి కంపెనీలు రాతపూర్వకంగా ఇచ్చే పనులు, బిల్లు మీద డబ్బొచ్చే పనులు. పెన్షన్‌తో వచ్చే జవాన్లు, జేసీఓలు సర్వీసు చివర్లో డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ కోర్సుల గురించి యూనిట్‌లోనే అడగాలి, వాళ్లకు ఫీజు ప్రభుత్వమే భరిస్తుంది. రిటైర్డ్ అధికారులు సెక్యూరిటీ ఏజెన్సీలుగా ఆ సంస్థ దగ్గర నమోదైతే ప్రభుత్వ రంగ సంస్థల పని వస్తుంది, దానికీ 2005 చట్టం కింద లైసెన్సు ఉండాల్సిందే. అగ్నివీర్లు అయితే యూనిట్ వదిలే ముందు నైపుణ్య సర్టిఫికెట్‌లో తాము చేసిన పని సరిగ్గా రాయించుకోవాలి. గార్డ్ డ్యూటీ, సిగ్నల్స్, డ్రైవింగ్, స్టోర్స్ ఏదైతే అది. ఇంటికొచ్చాక అందులో ఒక్క ముక్క మార్పించాలన్నా ఎన్ని ఉత్తరాలు రాయాలో ఫౌజీ ఇళ్లలో అందరికీ తెలుసు.